నూనె వెయ్యమన్నాడు అన్న

పెళ్లివారింట్లో నెల రోజుల ముందు నుంచే జాబితాలు మొదలవుతవి గదా! పసుపు కొమ్ములు ఎన్ని, విస్తళ్లు ఎన్ని, బ్యాండువాళ్లకు బయానా ఇచ్చామా లేదా అని. మా ఇంట్లో కూడా రెండు నెలలుగా అటువంటి జాబితా ఒకటి వసారా గోడకు వేలాడుతున్నది. మూడు పెద్ద కాగితాలు, తొంభై పైచిలుకు అంశాలు. అయితే పెళ్లి మనిషిది కాదు, కారుది.

మా అన్న కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ల నుంచి శని ఆదివారాలు దోమకొండకు రావడం, పశువుల కొట్టంలో దూరడం, రాత్రికి నల్లటి చేతులతో బయటకు రావడం, ఇదే వాడి వ్రతం. ఆ కొట్టంలో పాతికేళ్లుగా కోళ్లకు కాపురమిచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. దాన్ని మా అన్న 1976లో హైదరాబాదులో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవారు 1961 నుంచి 1971 దాకా తయారుచేసిన బండ్లలో అది ఒకటి. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు ఇది మద్రాసు చెల్లెలు.

ఈ కారులో చిత్రాలు కొన్ని ఉన్నవి. ముందు బానెట్టు రెక్కలతో సహా మొసలి నోరు తెరిచినట్లు మొత్తంగా ముందుకు లేస్తుంది. ఇంజను పక్కన చక్రం మీదనే కూర్చుని పని చేసుకోవచ్చు. 25 అడుగుల వలయంలో గిర్రున తిరుగుతుంది. పైకప్పును బోల్టులతో బిగించారు గనుక అవి విప్పితే కప్పు ఊడి చేతికి వస్తుంది. ఈ ఛాసీనే కొంత కురచచేసి ఇంగ్లండువారు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. రెండింటికీ రూపం దిద్దినవాడు మిచెలోటి అనే ఇటలీ దేశస్థుడు. “వాళ్లు చేసింది నేనెందుకు చెయ్యొద్దు చిన్నాయనా?” అని మావాడు కప్పు విప్పేశాడు, వెనక సీటు తీసేశాడు, తల వెనకాల ఇనుప గొట్టంతో వంపు కట్టించాడు, రెండు కార్బురేటర్లు పెట్టాడు. 948 సి.సి. ఇంజను పాతదే. ఎర్ర రంగు కొత్తది. మొత్తం మీద ముసలి హెరాల్డ్ పడుచుదనం తెచ్చుకున్నది.

ఇక దాన్ని ఎక్కడ నడపాలి? మన రోడ్ల మీద బర్రెలకూ, ఆటోలకూ, వడ్లు ఆరబోసుకునే వాళ్లకూ తప్ప వేగానికి చోటు లేదు, ఉండరాదు కూడా. పరుగు చూసుకోవాలంటే దానికోసమే కట్టిన బాట కావాలి. మన దక్షిణాదిలో ఆ బాట కథ మద్రాసులోనే మొదలయింది. 1953లో అక్కడ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం షోళవరంలో వేసిన రన్‌వే మీద పందేలు జరిపేవారు. తరువాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాటనే కట్టుకున్నారు. చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. మావాడు పేరు రాయించుకున్నది అక్కడే. ఇది పందెం కాదు. ఎవరి బండిని వారు తెచ్చుకుని, శని ఆదివారాలు రెండు రోజులూ విడతల వారీగా నడుపుకునే ఏర్పాటు. గెలుపూ లేదు, ఓటమీ లేదు.

ఇదంతా తమిళుల సరదా అనుకోకండి. ఇంట తెలుగు మాట్లాడుకునే నాయుళ్ల కుటుంబాలు కోయంబత్తూరులో తరతరాలుగా ఉన్నవి. ఆ కుటుంబాలలోని కరివర్ధన్ అనే ఆయన మనందరికీ తెలిసిన చిన్న మారుతి కారు ఇంజనూ గేరుపెట్టె తీసుకుని, 1988లో ఫార్ములా మారుతి అనే పందెపు బండి తయారుచేశాడు. విదేశాల నుంచి లక్షలు పోసి తెప్పించుకోనక్కరలేకుండా మామూలు కుర్రవాళ్లకు బండి చేతికందింది. 1995లో ఆయన విమాన ప్రమాదంలో పోయినాడు. ఆ ఫార్ములా మారుతితోనే మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడయినాడు. కోయంబత్తూరు బాటకు కరివర్ధన్ పేరే పెట్టారు. మన హైదరాబాదులోనూ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్లు పందెం వేసుకున్నవి. మావాడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి, చెవులు గింగురుమనే చప్పుడు లేదని దిగులుగా తిరిగివచ్చాడు!

మళ్లీ జాబితా దగ్గరకు వద్దాం. ముప్ఫై ఆరేళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి గనుక, అంశం చదివి టిక్కు పెట్టే ఉద్యోగం నాకిచ్చారు. ఆ చదువులో నేను నేర్చుకున్నవి కొన్ని మీకూ పనికి రావచ్చు.

మొదటిది బ్రేకు నూనె. అది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది, మూత సరిగా లేని డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్లు. కొత్త నూనె, డాట్ 4 రకం, 230 డిగ్రీల దాకా మరగదు. తేమ బాగా పట్టిందంటే 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే బుడగలు పుడతవి. బుడగను నొక్కితే నలుగుతుందే గాని బ్రేకును నెట్టదు. పెడలు నేలకు అంటుతుంది, బండి ఆగదు. ఊళ్లో మెల్లగా తిరిగే వాళ్లకు అంత వేడి పుట్టదు. బాటమీద ప్రతి మలుపుకూ గట్టిగా తొక్కేవాడికి పుడుతుంది. అందుకని పాతదంతా తోడేసి కొత్తది పోశాడు, రబ్బరు వాషర్లన్నీ మార్చాడు.

రెండవది టైరు వయస్సు. టైరు పక్కన సన్నటి గీతలో నాలుగు అంకెలుంటవి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందన్నమాట. గాళ్లు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదయితే పట్టు ఉండదు. ఈ సంగతి తెలిసిన మరునాడే నా స్కూటరు టైరు చూశాను. దాని వయసు తెలిశాక స్కూటరు బయటకు తియ్యలేదు, ముందు టైరు మార్పించాను.

ఇంకా ఉన్నవి. రాయి తగిలి పగిలితే గాజు ముక్కలు బాటమీద చిందకుండా హెడ్‌లైట్లకు టేపు అంటించాలి. బ్యాటరీని కదలకుండా కట్టాలి. ఇంజను కక్కిన నూనె కింద పడకుండా సీసా పెట్టాలి, ఒకడు కార్చిన నూనె మీద వెనక వచ్చేవాడు జారతాడు గనుక. చక్రాల నట్లు కొలత చూపే పానాతో బిగించాలి, మొదటి విడత నడిపి వచ్చాక మళ్లీ చూడాలి. వేడిమీద ఉన్న బ్రేకులకు హాండు బ్రేకు వేసి నిలపరాదు, చక్రానికి ఇటుక అడ్డం పెట్టాలి.

జెండాల పాఠం వేరే. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నది, ఎవరినీ దాటరాదు. ఎరుపయితే ఆట ఆపి మెల్లగా లోపలికి రావాలి. నీలం చూపితే నీ వెనక నీకన్నా చురుకైనవాడు ఉన్నాడు, దారి ఇవ్వు. నలుపు నీకే చూపితే నీ బండిలోనో నీ నడతలోనో లోపమున్నది, రా, మాట్లాడుకుందాం అని. ఈ నలుపు జెండా మా బడిలో ఉంటే ఎంత బాగుండేదో!

మా వదినకు ఈ జాబితాలో నచ్చిన అంశం ఒకటే. నైలాను, పాలియెస్టరు బట్టలు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటవి గనుక నూలు బట్టలే వేసుకోవాలట. “నేను చిన్నప్పటి నుంచి చెప్తలేనా, నూలు బట్టలు కట్టుకో కొడుకా అని? ఇప్పుడు మద్రాసోళ్లు చెప్తె ఇంటున్నవు,” అన్నది. నచ్చని అంశమూ ఒకటున్నది. కారులో వదులుగా ఏ వస్తువూ ఉండరాదు. అద్దం ముందు ఆమె అంటించిన మల్లన్న పటం, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ, పసుపు గుడ్డలో కట్టిన కొబ్బరికాయ, మూడూ దిగవలసి వచ్చింది.

“దేవుణ్ణి దింపి బండి నడుపుతవా?”

“దింపుతలేనమ్మా. నీ సంచిల కూసుంటడు. నువ్వు గ్యాలరీల కూసోని సూడు. దేవుడు సుత నీతోని సూస్తడు.”

ఆమె ఒప్పుకున్నది. మల్లన్నకు పందెపు బాటలో మంచి చోటే దొరికింది.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇక నవ్వలేని సంగతి.

బయలుదేరడానికి వారం రోజులున్నదనగా ఒక రాత్రి భోజనాలయినాక రెండవ కాగితం చదువుతున్నాను.

“స్టీరింగు జాయింట్లు?”

“అయినయి.”

“ముందు స్ప్రింగులు?”

“కొత్తవి ఏసిన.”

“ట్రన్నియన్లు?”

“అవి మంచిగనే ఉన్నయి చిన్నాయనా. ఇప్పినప్పుడు నిండ గ్రీజున్నది. తుడిచి, మల్ల కొత్త గ్రీజు పెట్టిన. టిక్కు పెట్టు.”

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

ట్రన్నియన్ అంటే ఏమిటో చెప్పాలి. హెరాల్డ్ ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కమ్మీ కింది కొన మరలా చెక్కి ఉంటుంది. ఆ మర ఇత్తడి వంటి లోహపు దిమ్మలోకి దిగుతుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా మర దిమ్మలో తిరుగుతుంది. చక్రం బరువంతా ఆ మరమీదనే. దానికి వెయ్యవలసింది గ్రీజు కాదు, చిక్కటి గేరు నూనె. నూనె అయితే మర చుట్ల మధ్యకు జారుతుంది. గ్రీజు దారి మధ్యలోనే గట్టిపడి కూర్చుంటుంది, లోపలికి పోదు. ఆ సందులోకి నీళ్లు చేరతవి, ఉక్కు తుప్పు తింటుంది. బయటికి ఏమీ కనపడదు. ఒకనాడు కమ్మీ పుటుక్కున విరుగుతుంది, చక్రం పక్కకు మడుచుకుంటుంది. కుట్టు మిషనుకు నూనెకు బదులు వనస్పతి పెడితే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లనడగండి.

ఇంత వివరంగా నాకెట్లా తెలుసు? మా అన్న చెప్పాడు. 1988లో ఆయన ఉద్యోగం మీద ఉత్తరాదికి పోతూ కారును నాకప్పగించాడు. కొట్టంలో నన్ను కారు కిందికి పడుకోబెట్టి ఆ రెండు దిమ్మలూ చూపించి, “నూనెనే వెయ్యాలె, గ్రీజు వేస్తివా, పాపం చేసినట్టే,” అని మరీ మరీ చెప్పాడు. నూనె కొట్టే చిన్న గన్ను కూడా ఇచ్చిపోయాడు.

నేను రెండు సార్లు వేశాను. చొక్కా పాడయింది. నేలంతా నూనె కారింది. ఆ తరువాత కామారెడ్డిలో పెట్రోలు పోయించుకునే చోట కుర్రవాడు గ్రీజు గన్ను పెట్టి రెండు నిమిషాల్లో పని ముగించేవాడు. గ్రీజు ఖరీదయినది, చిక్కనిది, నూనెకన్నా మేలే గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అన్న ప్రతి ఉత్తరంలోనూ “కారుకు నూనె వేస్తున్నావా?” అని రాసేవాడు. “వేస్తున్నాను” అని ప్రతి జవాబులోనూ రాశాను. 1996 దాకా అట్లాగే నడిపి, కొట్టంలో పెట్టేశాను. 2009లో అన్న పోయినాడు. ఆయన దగ్గర నేనాడిన అబద్ధాలలో ఇది చిన్నదే అనుకుని మరచిపోయాను.

ఆ రాత్రి చెప్పలేదు. టిక్కు పెట్టలేదు, చెప్పనూ లేదు. నిద్ర వస్తున్నదని లేచిపోయాను. పడుకుంటే నిద్ర రాలేదు. ఎనిమిదేళ్లు నేను నడిపితే ఏమీ కాలేదు గదా అనుకున్నాను. నేను నడిపింది బీబీపేట రోడ్డు మీద, గంటకు నలభై కిలోమీటర్ల లోపున. వీడు పోయేది వంద దాటి, ఆ పైన మలుపులో బరువంతా ఒక పక్క చక్రం మీద పడేటట్లు. బండి బయలుదేరేముందు అక్కడి పరీక్షాధికారులు చూస్తారు గదా అనుకున్నాను. వాళ్లు చక్రం పట్టుకుని ఊపి చూస్తారు. మర విప్పి చూడరు. విప్పి చూడాలని తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి వాణ్ణి లేపాను. వదిన అప్పటికే లేచి పొయ్యి దగ్గర ఉన్నది. ఇద్దరి ముందూ చెప్పాను. డెబ్భై నాలుగేళ్ల వయసులో, శిష్యుల ముందు పెద్దమనిషిగా తిరిగేవాడు, దొంగతనం ఒప్పుకునే పిల్లవాడిలా నిలబడి చెప్పాను.

మావాడు ఏమీ అనలేదు. లాంతరు దీపం తీసుకుని కొట్టంలోకి నడిచాడు. వదిన టీ గ్లాసు నా చేతికిచ్చి, “ఇయ్యాల చెప్పకపోతివి, రేపు నా కొడుక్కు ఏమన్న అయితే, నీ మొకం నాకెట్ల చూపిస్తుంటివి?” అన్నది. కోపంగా అనలేదు. అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కామారెడ్డి నుంచి పాతకాలపు మెకానిక్కు ఒకాయనను పిలిపించాము. ఫియట్లూ, హెరాల్డులూ విప్పిన చేతులవి. ఎడమవైపు మర విప్పితే తుప్పు పట్టి ఉన్నది, అంతే. కుడివైపుది విప్పితే అడుగు చుట్లు అరిగి పేలికలయినవి. ఆయన దాన్ని కిరసనాయిలులో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, మా ఇంట్లో మిగిలిన సుద్దముక్క పొడి దానిమీద చల్లాడు. మాటలు లేకుండా చూస్తున్నాము. కొంచెం సేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకవాసి నల్లగీత తేలింది. పగులులో దాగిన కిరసనాయిలు సుద్దను తడిపి తానున్న చోటు చూపింది. ముప్ఫై ఆరేళ్లు సుద్దముక్క పట్టుకున్నాను గాని, అది ఇంత స్పష్టంగా నా తప్పును రాయడం ఎన్నడూ చూడలేదు.

ఆ వారం ప్రయాణం ఆగిపోయింది. హెరాల్డ్ భాగాలు ఈనాటికీ ఇంగ్లండులో తయారవుతున్నవి, అక్కడ వీటిని ప్రేమగా చూసుకునే వాళ్లు వేలమంది ఉన్నారు గనుక. రెండు కమ్మీలు, రెండు దిమ్మలు తెప్పించాము. రావడానికి మూడు వారాలు పట్టింది. డబ్బు నా పింఛనులోంచి ఇచ్చాను. మావాడు వద్దనబోతే వదిన, “ఇయ్యనియ్యి,” అన్నది. ఆ ఒక్కమాటతో నాకు కొంత బరువు దిగింది.

ఈ మూడు వారాలూ సాయంత్రం నడకకు మా ఊరి గడీ దాకా పోతూ ఉండేవాణ్ణి. కూలిపోతున్న ఆ కోటను ఓపికగా బాగుచేయించారు. 2022లో యునెస్కోవారు దానికి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం ఇచ్చారు. పాత కట్టడాలను బాగుచేసేవారు ఒక మాట చెబుతారు. సున్నంతో కట్టిన గోడకు సున్నమే వాడాలి. సిమెంటు గట్టిది గదా అని పూస్తే, లోపలి చెమ్మ బయటకు పోలేక గోడనే తినేస్తుంది. గట్టిదీ ఖరీదయినదీ అయినంత మాత్రాన మేలు కాదు. ఆ గోడల పక్క నుంచి ఎన్నేళ్లు నడిచానో! నా గ్రీజు మాట అక్కడ గుర్తుకు రాలేదు.

ఇప్పుడు సరిగా బిగించారు. జాబితాకు నాలుగవ కాగితం ఒకటి చేరింది. దానిమీద ఒకటే అంశం, మావాడి చేతిరాత: “ట్రన్నియన్ నూనె: చిన్నాయన.” నూనె గన్ను, అన్న ఇచ్చిందే, అటకమీద దొరికింది. ఇవాళ మధ్యాహ్నం కారు కింద పడుకుని, రెండు వైపులా పై అంచున నూనె ఉబికి వచ్చేదాకా కొట్టాను. చొక్కా పాడయింది. మా ఆవిడ ఏమీ అనలేదు.

రేపు తెల్లవారుజామున కారు లారీ మీదికెక్కుతుంది. ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. మేము ముగ్గురం రైలులో వెళతాము, వదిన సంచిలో మల్లన్నతో సహా. మొదటి విడత మెల్లగా తిప్పుతానని మావాడు తల్లికి మాట ఇచ్చాడు. హెరాల్డ్ వెనక చక్రాలకు ఒక దుర్గుణమున్నదట. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీది కాలు ఠక్కున తీస్తే అవి లోపలికి ముడుచుకుని బండి తిరగబడవచ్చు. అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో తడబడరాదు. విడత అయి రాగానే నట్లు చూసేవాడు వాడు, నూనె చూసేవాణ్ణి నేను.

మీ ఇంట్లో కారు లేకపోవచ్చు. స్కూటరు ఉంటుంది, కుట్టుమిషను ఉంటుంది, గ్యాసు స్టవ్వు రబ్బరు గొట్టం ఉంటుంది. “చూశావా?” అని ఎవరో అడిగితే “చూశాను” అని మీరు అని ఉంటారు. ఈ పత్రిక పక్కన పెట్టి, ఒకసారి లేచి చూసి రండి.